అతుకు సభకు నూట అరవై కుర్చీలు

1998 ఆషాఢం నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: మూడు షామియానాలు, నూట అరవై ఇనుప కుర్చీలు, ఎర్ర మఖ్మల్ సోఫా ఒకటి, జంపఖానాలు నాలుగు, మైకు సెట్టు ఒకటి, వెండి పూత పళ్లెంలో ఒక కత్తెర. కత్తెరకు పదును పోయి పదేళ్లయింది. రిబ్బన్ను ముందే సగం కోసి పెడతాను కాబట్టి ఇంతవరకు ఏ మంత్రీ ఫిర్యాదు చేయలేదు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆ నెల టెంట్ హౌస్ వాణ్ని సాకేది ప్రభుత్వమే. అందుకే గోడ మీద ఆ పోస్టరు చూసినప్పుడు నాకు దేశభక్తి కలిగింది.

"దేశ చరిత్రలో మొట్టమొదటిసారిగా, మన మండల కంప్యూటరులో ఏర్పడిన భద్రతా లోపమును గౌరవనీయ కార్యాలయాల అనుసంధాన శాఖామాత్యులు తమ అమృత హస్తములతో పూడ్చెదరు. రైతు సోదరులు, సోదరీమణులు వేలాదిగా తరలివచ్చి లోపమును తిలకించి తరించగలరు."

మా మండలం పేరు చెప్పను. కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయే బస్సెక్కితే దారిలో తగులుతుంది. అంతకన్నా రాస్తే నాకు సభలు రావు.

ఆ లోపం ఎంత గొప్పదో తెలియాలంటే ముందు 'జనసేతు' గురించి చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం ఇదే మంత్రిగారు దాన్ని ప్రారంభించారు. ఎమ్మార్వో ఆఫీసు, మార్కెట్ ఆఫీసు, కరెంటు ఆఫీసు, సహకార బ్యాంకు: నాలుగు చోట్ల నాలుగు కంప్యూటర్లు పెట్టి, టెలిఫోను తీగతో కలిపి, నడుమ ఒక ప్రోగ్రాం కూర్చోబెట్టారు. ఒకచోట రాసింది నాలుగు చోట్లా కనబడుతుంది. వెనుకటికి రైతు నాలుగు ఆఫీసులు తిరిగి నాలుగుసార్లు "రేపు రా" అనిపించుకునేవాడు. జనసేతు వచ్చాక ఒక్క ఆఫీసుకు పోతే చాలు, నాలుగు ఆఫీసుల "రేపు రా" ఒకేసారి దొరుకుతుంది.

ఎమ్మార్వో ఆఫీసు కంప్యూటరును చాలా గౌరవంగా చూసుకునేవారు. దానికి వేరే గది, కిటికీకి కొత్త పరదా, మీద పట్టుబట్ట, గుమ్మానికి నిమ్మకాయ. చెప్పులు బయట విడవాలి. దాన్ని తెరవడానికి ఒక రహస్య పదం ఉండేది. అది అప్పటి ఎమ్మార్వో గారి ఒక్కరికే తెలుసు. ఆయనకు బదిలీ అయినప్పుడు చార్జి లిస్టులో బల్లలు, బీరువాలు, ఫ్యాను, నీళ్ల కుండ అన్నీ రాసి అప్పగించారు. రహస్య పదం కాలమ్ ఆ లిస్టులో లేదు. ఉన్న కాలమ్‌లే నింపడం అలవాటు కాబట్టి ఆయన దాన్ని వెంట తీసుకుపోయారు. కొత్త ఎమ్మార్వో గారు ఉత్తరం రాస్తే, రహస్య పదాలు ఉత్తరాల్లో రాయకూడదని సర్క్యులర్ ఉన్నట్టు జవాబు వచ్చింది.

అయినా పని ఆగలేదు. మార్కెట్ ఆఫీసులో ఫ్యాను బాగా తిరుగుతుంది, చాయ్ హోటలు ఎదురుగానే ఉంది. ఎమ్మార్వో ఆఫీసు ఆపరేటరు అక్కడ కూర్చొని భూమి లెక్కలన్నీ దిద్దేవాడు. మార్కెట్ కంప్యూటరు నుంచి ఎవరు వచ్చినా జనసేతు పేరు అడగదు, పదం అడగదు. సాక్షాత్తు ఎమ్మార్వో గారే వచ్చారనుకొని, ఏ భూమి ఎవరిదో రాసి ఉండే పహాణీ తెరిచి ముందు పెడుతుంది. ఏడాది పాటు దీన్ని సౌకర్యం అన్నారు. పేపర్లో పడ్డాక లోపం అన్నారు.

పేపర్లో పడడానికి కారణం బిక్షమ్మ. ఆమె నా దగ్గర జంపఖానాలు దులుపుతుంది, వంట బోళ్లు తోముతుంది. భర్త జానయ్య పోయాడు. ఆయన పేర ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన ఎకరం ముప్పై గుంటల చెలక ఉంది. ఆ ఎండాకాలం బోరు వేస్తే రెండించుల నీళ్లు పడ్డాయి. మొదటి వానకు పల్లికాయ పెట్టింది. తర్వాత వాన మొహం చాటేసింది. మోటారు దించాలంటే కరెంటు కావాలి, కరెంటుకు పహాణీ నకలు కావాలి. మూడు వారాల్లో నీళ్లు అందకపోతే పంట పోయినట్టే. నకలు కోసం పోతే నేను కూడా తోడు పోయాను.

"కంప్యూటర్ల నీ పేరు లేదమ్మా," అన్నారు ఎమ్మార్వో గారు.

"నా పేరు లేకుంటే మా ఇంటాయన పేరు సూడు సారూ. జానయ్య."

"జానయ్య గూడ లేడు. ఎల్లేశం ఉన్నడు."

"పార్టీ ఎల్లేశమా? ఆయన నా శెల్కల ఎన్నడు కాలు వెట్టిండు సారూ?"

"శెల్కల పెట్టకుంటేంది, కంప్యూటర్ల పెట్టిండు గద."

"మరి తియ్యమనుండ్రి కాలు."

"రేపు రా."

ఎల్లేశం అధికార పార్టీ మండల నాయకుడు, మార్కెట్ కమిటీ డైరెక్టరు. నిరాడంబరుడు. ఏ హోదా చూసుకోకుండా రోజూ మార్కెట్ ఆఫీసు ఫ్యాను కింద, కంప్యూటరు పక్కనే కూర్చుంటాడు. అంతకు మించి ఆయన గురించి నాకు తెలియదు.

బిక్షమ్మ రోజూ పోయింది. ఆమె ఏడుపు చూడలేక మార్కెట్ ఆఫీసు వాచ్‌మన్ ఎల్లస్వామి, అప్పుడు అక్కడున్న పేపరు విలేకరి ముందే ఎమ్మార్వో గారికి ఉన్న మాట చెప్పేశాడు.

"సారూ, గా కుర్సీల ఎవ్వలు కూసున్నా ఎమ్మార్వోనే అయితున్నరు. మొన్న దుమ్ము తుడ్వబోయి మీట ఒత్తిన. నేను గూడ అయిన."

"నువ్వా?"

"ఒక్క నిమిషమే సారూ. బుగులు వుట్టి బయటికి వచ్చిన."

అనుమతి లేకుండా ఎమ్మార్వో అయినందుకు ఎల్లస్వామికి మెమో ఇచ్చారు. వార్త మాత్రం పేపర్లో వచ్చింది. మూడు రోజుల్లో హైదరాబాద్ కదిలింది. ఫోన్ల మీద ఫోన్లు. లోపం ఎంత పెద్దది, ఎన్నాళ్ల నుంచి ఉంది, ప్రతిపక్షానికి తెలుసా అని అడిగారు. ఎకరం ముప్పై గుంటల సంగతి ఎవరూ అడగలేదు. పెద్ద విషయం ముందు చిన్న విషయం తీసుకురావడం మర్యాద కాదు.

కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పల్చని మనిషి. చేతిలో చిన్న డిస్కు.

"సార్, అతుకు తెచ్చాను. పది నిమిషాల్లో అయిపోతుంది."

ఎమ్మార్వో గారు కుర్చీలోంచి లేచారు. "పది నిమిషాలా? మంత్రిగారి డేట్ ఇంక రాలేదు. గట్లెట్ల పూడుస్తవయ్యా?"

"అంతవరకు చిల్లు తెరిచే ఉంటుంది సార్."

"ఉండనీ. బందోబస్తు పెడ్తం."

నా షామియానాలకు చిల్లులు పడుతుంటాయి. చిల్లు కనబడిన రోజే లోపలి వైపు నుంచి, చిల్లు కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ గుడ్డ వేసి కుడతాను. ప్రభుత్వం తీరు వేరు. టెలిఫోను తీగ గోడలోకి పోయే చోట లాఠీతో ఒక హోంగార్డును నిలబెట్టారు. పన్నెండు రోజులు ఆయన గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. గోడ వైపు నుంచి ఎవరూ రాలేదని రోజూ రిపోర్టు రాశాడు.

ఈలోగా పంచనామా జరిగింది. రెవెన్యూ వాళ్లకు హద్దులు లేని వస్తువు అంటే నమ్మకం కుదరదు. అందుకని ఇలా రాశారు: "లోపము యొక్క హద్దులు: తూర్పు, మార్కెట్ గోడౌను. పడమర, ఎమ్మార్వో ఆఫీసు మూత్రశాల. ఉత్తరం, టెలిఫోను స్తంభం. దక్షిణం, విచారించగా తెలియరాలేదు. విస్తీర్ణం, కంటికి అగుపడదు." సాక్షులుగా సంతకం పెట్టే అయిదుగురు పంచుల్లో నేనొకణ్ని. ఆ సమయంలో స్టేజీకి కర్రలు దించుతున్నారు, నా కన్ను అటే ఉంది. చూపిన చోట సంతకం చేశాను.

మరునాడు బిక్షమ్మ మళ్లీ పోయింది. ఎమ్మార్వో గారు ఆ కాగితమే చదివి వినిపించారు. కంప్యూటరులో ఇప్పుడున్న లెక్కలన్నీ యథాతథమని, విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టరాదని అందులో చివరి వాక్యం.

"ఎవలు వెట్టిండ్రు సారూ సంతకాలు?"

"ఊరి పెద్దమనుషులే. మీ లతీఫ్ గూడ పెట్టిండు."

బిక్షమ్మ నా గోడౌనుకు వచ్చి నిలబడింది.

"కుర్చీలు సర్దే ధ్యాసల ఉంటి అక్కా. సదవలే," అన్నాను.

"కుర్సీలయితే ఒక్కటొక్కటి లెక్కవెడ్తవు గద తమ్మీ," అంది. జంపఖానా తీసుకొని దులపడానికి బయటికి పోయింది.

అంతవరకు నేను ఏ సభలోనూ నష్టపోలేదు.

సభ నాడు నూట అరవై కుర్చీలూ నిండాయి. డిస్కును పళ్లెంలో పెట్టి, మేళతాళాలతో తెచ్చారు. పూజారి కుంకుమ చేతిలోకి తీసుకోగానే ఇంజనీరు పళ్లెం మీద పడ్డంత పని చేశాడు.

"దాని మీద వద్దు స్వామీ! పాడైపోతుంది!"

మంత్రిగారు సమస్యను క్షణంలో పరిష్కరించారు. ఒక ఖాళీ డిస్కు తెప్పించి దానికి పూజ చేయించారు, అసలుది పక్కన పెట్టించారు. ఇలాంటి పరిపాలనా దక్షత అందరికీ రాదు. తర్వాత కీబోర్డుకు అడ్డంగా కట్టిన రిబ్బన్ను నా కత్తెరతో కోసి, మీట నొక్కారు. కరతాళ ధ్వనులు.

"ఇప్పుడు పరీక్షించాలి," అన్నాడు ఇంజనీరు. "మార్కెట్ ఆఫీసు నుంచి లోపలికి వెళ్లడానికి ఎవరైనా ప్రయత్నించాలి. దారి తెలిసినవాళ్లయితే మంచిది."

స్టేజీ మీద ఉన్న వాళ్లందరూ ఒక్కసారి ఎల్లేశం వైపు చూశారు. ఆయన మొహమాటపడకుండా లేచి పోయాడు. పావుగంటకు చెమటలు కక్కుతూ వచ్చి మైకు అందుకున్నాడు.

"పోతలేదు సార్! ఎన్ని తీర్ల ఒత్తినా పోతలేదు! సూడొస్తాంది గని దిద్దొస్తలేదు! ఎన్నడు గిట్ల కాలే!"

మంత్రిగారు ఆయనకు శాలువా కప్పారు. అప్పుడే బిక్షమ్మ స్టేజీ మెట్లెక్కింది. పోలీసులు ఆపబోతే మంత్రిగారు చెయ్యెత్తారు. ఫోటోగ్రాఫర్ దగ్గరికి జరిగాడు.

"ఏం గావాలె పెద్దమ్మా?"

"నా శెల్క గావాలె దొరా. గీ బొక్కల కెల్లి పోయింది. పల్లికాయ ఎండుతాంది. ఇంక వారమైతే కట్టెలే."

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "ఎమ్మార్వో! ఈ తల్లి భూమి ఈ క్షణమే, ఈ స్టేజీ మీదనే, ఆమె పేర ఎక్కాలె! ఇది నా ఆర్డర్!"

జనం లేచి నిలబడ్డారు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. ఎమ్మార్వో గారు ఇంజనీరు చెవిలో ఏదో అన్నారు. ఇంజనీరు మొహం తెల్లబోయింది.

"అంటే సార్, మీరు ఇంతవరకు మార్కెట్ తలుపు నుంచే దిద్దుతున్నారా? మీ సొంత తలుపు?"

"దానికి పదం గావాలె గదయ్యా. అది పాత సారు కాడ ఉంది."

"కొత్త పదం పెట్టుకోవాల్సింది కదా?"

"కొత్తది పెట్టాలంటే ముందు పాతది కొట్టుమంటది."

"మరి నేను మూసింది…"

"ఒక్కటే తలుపు ఉండె. గదే మూసినవు."

మైకు తెరిచే ఉంది. నా మైకు మంచిది, చివరి జంపఖానా దాకా వినబడుతుంది. అందరికన్నా ముందు మంత్రిగారే తేరుకున్నారు.

"విన్నారా సోదరులారా! ఎమ్మార్వో మార్చలేడు! ఇంజనీరు మార్చలేడు! స్వయంగా మంత్రి ఆర్డర్ ఇచ్చినా మారదు! భద్రత అంటే ఇది!"

కరతాళ ధ్వనులు అయిదు నిమిషాలు ఆగలేదు. బిక్షమ్మకు కూడా ఒక శాలువా కప్పి, మెట్లు దించారు.

నేను వ్యాపారిని. సరుకు ఒక దారిన కదలకపోతే ఇంకో దారి చూస్తాను. సభ సామాను లారీకి ఎక్కించి నేరుగా ఎల్లేశం దగ్గరికి పోయాను.

"ఎల్లేశమన్నా, పట్టా నీ పేరనే పక్కా అయింది. ముబారక్."

"ఏదో, మీ అందరి దయ లతీఫ్ భాయ్."

"గని జనం ఒక మాటంటున్నరు. భూమైతే రాయించుకుండు గని ఒక్కనాడు కరెంటు గూడ పెట్టియ్యలేదంటున్నరు. రేపు ఎవడన్న కోర్టుకు వోతే జడ్జి అడుగుతడు, నువ్వు రైతువని సాక్ష్యమేదని."

ఎల్లేశం మీసం దువ్వుకున్నాడు. "కరెంటు పెట్టియ్యాల్నంటవా?"

"నీ పేర కనెక్షన్ ఉంటే ఆకాశం కూలినా భూమి నీదే."

పహాణీలో పేరున్నవాడు, అధికార పార్టీవాడు. కరెంటు ఆఫీసు "రేపు రా" అనలేదు. నాలుగో రోజున స్తంభాలు పాతారు, ఆరో రోజున తీగ లాగారు. మోటారు బిక్షమ్మది, బోరు బిక్షమ్మది, కరెంటు ఎల్లేశానిది. పల్లికాయ తేరుకుంది. ఎల్లేశం ఆ వైపు రాలేదు. ఆయనకు కావలసింది మట్టి కాదు, కాగితం. కాగితం పట్టుకొని సహకార బ్యాంకుకు పోయాడు.

"అప్పు ఇస్తాం గాని, తనఖా సంగతి పహాణీలో ఎక్కాలె," అన్నాడు బ్యాంకు మేనేజరు.

"ఎక్కియ్యి."

"ఎక్కదు గదన్నా. మూసిండ్రు."

అప్పటి నుంచి మండలంలో భూమి కదలడం మానేసింది. కొన్నవాడి పేరు ఎక్కదు, అమ్మినవాడి పేరు దిగదు. చచ్చిపోయినవాళ్లు పట్టాదారులుగా స్థిరపడ్డారు. వాళ్ల పేర రాయితీ విత్తనాలు వచ్చాయి, శిస్తు నోటీసులు వచ్చాయి. అన్నదమ్ములు పంపకాలు ఆపి కలిసి బతకసాగారు. కుటుంబ వ్యవస్థను కాపాడినందుకు మంత్రిగారిని ఒక పత్రిక ప్రత్యేకంగా అభినందించింది. బిక్షమ్మ చేను తడుస్తూనే ఉంది. కరెంటు బిల్లు ఎల్లేశానికి పోతూనే ఉంది. కనెక్షన్ వద్దని ఆయన రాసిస్తే, పహాణీ నుంచి పేరు తీస్తేనే కనెక్షన్ తీస్తామని జవాబు వచ్చింది. పంట ఇంటికొచ్చింది, పదకొండు బస్తాలు. కానీ మాఘంలో భూమి వేరొకరికి కౌలుకు ఇస్తానని ఎల్లేశం ఊళ్లో అంటున్నాడని తెలిసి, బిక్షమ్మ అన్నం మానేసింది. పట్టా పట్టుకొని ఎవడైనా నాగలి తెస్తే ఆమె చేతిలో జానయ్య పేర ఉన్న పాత పాసుబుక్కు తప్ప చెల్లే కాగితం ఏదీ లేదు.

పుష్యమాసంలో మళ్లీ పోస్టరు పడింది. అది కూడా పెళ్లిళ్లు లేని నెలే.

"రైతు సోదరుల కోరిక మేరకు, దేశంలోనే ప్రప్రథమంగా, గతంలో పూడ్చిన లోపమును గౌరవనీయ మంత్రివర్యులు ఒక గంట సేపు తెరిచెదరు."

పదకొండు గంటలకు తెరుస్తారు. పన్నెండు కాగానే దానంతటదే మూసుకునేట్టు ఇంజనీరు డిస్కులోనే గడియారం పెట్టి తెచ్చాడు. ఆ గంటలో ఆపరేటరు మార్కెట్ ఆఫీసులో కూర్చొని పెండింగ్ దరఖాస్తులన్నీ దిద్దాలి. దరఖాస్తులు డెబ్బై మూడు. ఎల్లేశం తనఖా దరఖాస్తు అన్నిటికన్నా పైన ఉంది. బిక్షమ్మ దరఖాస్తు మాత్రం పంచనామా విచారణలో ఉందని లెక్కలోకి తీసుకోలేదు.

స్టేజీ ఏర్పాటు నాదే. ప్రోటోకాల్ జాబితా ఎమ్మార్వో గారు నాకిచ్చారు. మంత్రిగారు, ఎమ్మార్వో, మార్కెట్ సెక్రటరీ, ఎల్లేశం, ఇంజనీరు.

"సారూ, ఆపరేటరుకు కుర్చీ లేదు," అన్నాను. "గింత పని చేసే మనిషికి మంత్రిగారి చేత శాలువా కప్పియ్యకుంటే బాగుంటదా?"

"నిజమే లతీఫ్. మర్చిపోయిన. మొదటి వరుసల ఒకటెయ్యి."

వేశాను. పదకొండుకు మంత్రిగారు మీట నొక్కి, మైకు అందుకున్నారు. ఆయన మాట్లాడుతుంటే స్టేజీ దిగడం మర్యాద కాదు. ఆపరేటరు రెండుసార్లు లేవబోయాడు. ఎమ్మార్వో గారు రెండుసార్లూ చొక్కా పట్టుకొని కూర్చోబెట్టారు. పదకొండున్నరకు ఎల్లేశం గడియారం చూసుకున్నాడు. ముప్పావుకు ఆయన మొహం మాడిపోయింది. మంత్రిగారు అప్పటికి స్వాతంత్ర్య సమరం దాకా వచ్చారు. నా మైకు ఆ రోజు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పొద్దున్నే ఒక కుర్చీ మార్కెట్ ఆఫీసుకు పోయింది. ఎవరు పంపమన్నారో గుర్తులేదు. అక్కడ ఆ పూట వాచ్‌మన్ ఎల్లస్వామి ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గర బిక్షమ్మ పాత పాసుబుక్కు పట్టుకొని కూర్చుందని తర్వాత ఎవరో అన్నారు. నేను సభలో ఉన్నాను, చూడలేదు.

సరిగ్గా పన్నెండుకు లోపం మూసుకుంది. ఆ తర్వాత రెండు నిమిషాలకు మంత్రిగారి ప్రసంగం ముగిసింది.

మర్నాడు నకలు కోసం నేను, బిక్షమ్మ పోయాం. చూడడానికి అడ్డం లేదు కాబట్టి ఆపరేటరు తీసిచ్చాడు. ఆమె కాగితాన్ని నాకిచ్చింది. నేను అక్షరం అక్షరం చదివాను.

"పట్టాదారు, బిక్షమ్మ, భర్త జానయ్య. విస్తీర్ణం, ఎకరం ముప్పై ఒక్క గుంట."

"ముప్పై ఒకటా? ముప్పయ్యే గద తమ్మీ నాది."

"గుంట ఎక్కువ పడ్డదక్కా. ఎమ్మార్వో సారుకు చెప్పి దిద్దిద్దామా?"

"ఎట్ల దిద్దుతరు?" అంది బిక్షమ్మ, కాగితం మడిచి నడుముకు చెక్కుకుంటూ. "మూసిండ్రు గద."

ఆ యేడు రెండు సభల లెక్క చివరికి ఇలా తేలింది. దరఖాస్తులు డెబ్బై మూడు, అందులో అయినవి సున్న. దరఖాస్తు లేకుండా అయినది ఒకటి. కరెంటు కనెక్షన్ ఇప్పటికీ ఎల్లేశం పేరే, పహాణీలో పేరు లేనివాడి దరఖాస్తు తీసుకోరట. కుర్చీలన్నీ తిరిగొచ్చాయి. నికర లాభం, ఒక గుంట.